ముట్టుకోకుండా చూడటం

మా కోడలు నలుగురికీ ప్రశాంతత నేర్పే మనిషి. పొద్దున్నే వెళ్ళి ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగుల చేత ధ్యానం చేయిస్తుంది. ఊపిరి మీద మనసు పెట్టండి అని ఆమె చెబుతుంటే కస్సుబుస్సులాడే మేనేజర్లు కూడా పిల్లిపిల్లల్లా కూర్చుంటారట. ఇంట్లో మాత్రం ఆవిడ మనసంతా స్టవ్వు మీదే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మా సంగతి.

కారణం నా ముక్కు. ఆ మధ్య జ్వరమొచ్చి తగ్గాక నాకు వాసన తెలియడం పోయింది. మావాడేమో రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి గదిలో మొద్దునిద్ర పోతుంటాడు. గ్యాస్ లీకైతే కనిపెట్టే దిక్కు లేదని కోడలికి దిగులు పట్టుకుంది. చెప్పులేసుకున్నాక వచ్చి స్టవ్వు నాబ్ పట్టుకుని చూస్తుంది. లిఫ్టు దాకా వెళ్ళి మళ్ళీ వస్తుంది. పెదవులు కదులుతుంటాయి. దేవుణ్ణి తలుచుకుంటుందో, నన్ను తిట్టుకుంటుందో నేనడగలేదు.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ నాబ్ అరిగి వదులైపోయింది. మార్పించరా అంటే మావాడు ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటున్నాడు. కట్టేసి ఉందో లేదోనని అటూ ఇటూ కదిపే హడావుడిలో కోడలు ఒకరోజు దాన్ని కాస్త తెరిచి వెళ్ళిపోయింది. నా కంటపడింది గనక సరిపోయింది. చెబితే పిల్ల బెదిరిపోతుందని నోరు మూసుకున్నాను. అప్పటినుంచి ఆమె గడప దాటగానే వంటింట్లోకి నా పరుగు. చంపే గాలైనా బతికించే గాలైనా నాకు ఒకలాగే ఉంటుంది.

నిన్న ఆ పరుగు తీయలేదు. వర్షం వచ్చేలా ఉందని బాల్కనీలో బట్టలు తీస్తూ మర్చిపోయాను. తర్వాత కాఫీ పెట్టుకుందామని వచ్చి లైటర్ అందుకున్నాను. గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చిన కోడలు గ్యాస్ వాసనకి గుమ్మంలో ఆగిపోయింది.

"అత్తయ్యా, లైటర్ కొట్టకండి" అంది. అరవలేదు. మెల్లగా అంది.

లైటర్ మీద నా బొటనవేలు అలాగే ఉండిపోయింది. తీస్తే నొక్కుకుంటుందేమోనని తీయలేదు. కోడలు వచ్చి నా వేలు విడదీసింది. నాబ్ కట్టేసి, కిటికీలు తెరిచి, మొగుణ్ణి లేపి బాల్కనీలోకి లాక్కొచ్చింది. ఇంత జరుగుతున్నా నా ముక్కుకి ఏమీ తెలియలేదు.

"అమ్మా, ఇక నువ్వు స్టవ్వు జోలికి వెళ్ళకు" అన్నాడు మావాడు.

నేరం నా నెత్తినేసుకుంటే పోయేది నా కాఫీయే. కానీ రేపు మళ్ళీ ఆ పిల్ల నాబ్ తిప్పుతుంది. నేను మళ్ళీ మర్చిపోతే?

"నేనింకా దాన్ని ముట్టుకోలేదురా" అన్నాను.

కోడలు తన కుడిచెయ్యి చూసుకుంది. "పొద్దున మూడుసార్లు చూశాను అత్తయ్యా."

"చూడలేదమ్మా, తిప్పావు. ఇది రెండోసారి."

అక్కడే నేల మీద కూలబడింది. "ఆలోచన వస్తే రానివ్వండి, దాన్ని పట్టుకోకండి అని అందరికీ చెప్తాను. నావల్ల కావట్లేదు. భయమేస్తోంది అత్తయ్యా."

"నాకూ భయమే. ఇన్నాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరం భయపడి చస్తున్నాం. రేపట్నుంచి చూడు, ముట్టుకోకు."

ఆదివారం కోసం ఎదురుచూడకుండా మావాడు సాయంత్రమే మెకానిక్‌ని పిలిచి కొత్త నాబ్ వేయించాడు.

ఇవాళ పొద్దున కోడలు చేతులు వెనక్కి కట్టుకుని స్టవ్వు ముందు నిలబడింది. వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని తెల్లబడ్డాయి. ఒక్కసారి చూసి, ఊపిరి వదిలి, వెళ్ళిపోయింది. లిఫ్టు కిందికి దిగిన చప్పుడైంది. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. నా బంగారుతల్లి గెలిచిందనుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కట్టేసే ఉంది. ఎందుకైనా మంచిది, ఒక్కసారి, అనుకునేలోగా నా చెయ్యి దాని మీదకు వెళ్ళిపోయింది.

వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.