కీమో వార్డు చివరి గది

అక్కకు మూడో కీమో అయ్యాక, వార్డు చివర కొత్తగా తెరిచిన గదికి కూడా వెళ్ళి రమ్మంది డాక్టరమ్మ. అక్కడ ఊపిరి మెల్లగా పీల్చి వదలడం నేర్పుతారు, పాదాలకు నూనెతో మర్దన చేస్తారు. వికారం తగ్గుతుందట, నిద్ర పడుతుందట.

చెల్లెలికి అది మింగుడుపడలేదు. ఆమె టైలరు. కొట్టువాడు ఏ గుడ్డ చూపించినా నలిపి చూడనిదే నమ్మదు.

"మందులు పనిచెయ్యకపోతేనే ఇలాంటివి అంటగడతారు. మన దగ్గర ఏదో దాస్తున్నారక్కా," అంది.

"అబ్బ, ఊరుకోవే. అక్కడ కాసేపు కాళ్ళు తేలిగ్గా ఉంటాయి," అంది అక్క.

నాలుగో కీమోకు వెళ్తే, రక్తపరీక్షలో లివరు దెబ్బతిన్నట్టు తేలింది. మందు ఎక్కించడం ఆపేశారు. చెల్లెలి అనుమానం నేరుగా నూనె సీసా మీద పడింది. చివరి గదిలో మర్దన చేసే ఆవిడ అటు తిరగ్గానే దాన్ని సంచీలో వేసుకుని, అక్కను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఇందులో ఏం కలిపారో ముందు అది తేల్చండి."

డాక్టరమ్మ నవ్వలేదు. "అది మేం తెప్పించే మామూలు నూనె. పాదాలకు రాస్తే లివరు ఇలా అవదు. కీమో వల్ల కావచ్చు. ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా?"

"లేదు," అంది చెల్లెలు ఠక్కున. అక్క కిటికీ వైపు చూసింది.

సీసా తిరిగి ఇవ్వడానికి వెళ్తే, మర్దన చేసే ఆవిడ అక్కను కూర్చోబెట్టి, "మీరు కాసేపు బయట ఉండండమ్మా," అంది చెల్లెలితో. చెల్లెలికి ఒళ్ళు మండింది. తనకు తెలియకూడని గుట్టు ఏముంటుంది? తలుపుకు చెవి ఆనించింది. కాసేపటికి అక్క ఏడుపు వినిపించింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"ఏమన్నారు మా అక్కని?"

"ఆవిణ్ణేం అనకు," అంది అక్క. "ఎవరో చెప్పారని మీ బావ ఏదో ఆకుల పొడి తెచ్చారు. రోజూ పొద్దున్నే నీళ్ళలో కలుపుకుని తాగుతున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ బావని నిలబెట్టి కడిగేసేదానివి. ఈవిడేమో, ఏం తాగినా తిట్టను, చెప్పండి అంది."

చెల్లెలు సంచీలోంచి నూనె సీసా తీసి బల్ల మీద పెట్టేసింది.

ఆ సాయంత్రం బావను నిలదీద్దామనే వెళ్ళింది. ఆయనే పొడి డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. "మీ అక్క రోజురోజుకీ చిక్కిపోతుంటే, చేతులు కట్టుకుని కూర్చోమంటావా?" అన్నాడు. చెల్లెలు డబ్బాను సంచీలో వేసుకుని వచ్చేసింది.

డబ్బా చూసి డాక్టరమ్మ ఆ పొడి మాన్పించిన కొన్ని వారాలకు లివరు కుదుటపడింది. కీమో మళ్ళీ మొదలైంది. ఈసారి బావను కూడా చివరి గదికి రమ్మన్నారు. "ఇదంతా ఉత్త తంతు," అని గొణుగుతూనే వచ్చాడు. ఆవిడ చూపించినట్టు అక్క పాదం ఒళ్ళో పెట్టుకుని, గాజు సామాను ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.

"కొంచెం గట్టిగా," అంది అక్క.

చెల్లెలు పక్క కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చమన్నారు. పీల్చింది. కన్ను మాత్రం ఒకటే మూసింది.