దుంప మీద మట్టి

ఆదివారం గిన్నెలు తోమడం అయ్యాక ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి ఐరిస్ పూల మడి దగ్గర చతికిలబడింది. ఆకుల మధ్య వేలు పెట్టి వెతికింది. మొగ్గ లేదు. వీధి చివరి ఇంట్లో పూసి వాడిపోతున్నాయి కూడా. ఇది మూడో ఏడు.

"ఈసారీ పూయకపోతే ఆ చోట కారుకి షెడ్డు వేయిస్తా. తర్వాత చెప్పలేదనకు," అని భర్త కిందటేడే అన్నాడు. ఆ మడి తప్ప ఆ ఇంట్లో ఆమెది అనదగ్గది లేదు. బీరువాలో ఒక అర ఉండేది. ఆడపడుచు పురిటికి వచ్చినప్పుడు ఖాళీ చేసి ఇచ్చింది, ఆ అర మళ్ళీ తన చేతికి రాలేదు. పగలంతా ల్యాబులో నిలబడి ఊళ్ళోవాళ్ళ రక్తం పరీక్షించడం, సాయంత్రం వంటింట్లో నిలబడడం. "కూర్చుని చేసే ఉద్యోగమేగా, అలసటేమిటి?" అనేవారు మామగారు బతికున్నన్నాళ్ళూ. ఆమె కూర్చోగా ఆయన ఎప్పుడు చూశారో మరి.

వేలికి మట్టి తగిలింది. దుంపలు మళ్ళీ కప్పబడిపోయాయి. పోయిన వారమే ఆ మట్టి తీసింది. వాన తెచ్చి పోస్తోందనుకుంది ఇన్నాళ్ళూ. కానీ వారంగా చినుకు లేదు.

వెనక అత్తగారు తట్టతో మట్టి పట్టుకుని నిలబడి ఉంది.

"జరుగు, కప్పేస్తా. దుంపలు బయటికి కనబడేలా నాటుతావేమిటే, ఎండకి మాడిపోవూ? మూడేళ్ళుగా నేను కప్పబట్టే బతికున్నాయి."

"వాటి వీపుకి ఎండ తగలాలి అత్తయ్యా. కప్పితే పూయవు."

అత్తగారు తట్ట దించింది. "అయ్యో, నాకేం తెలుసే? మొదటిరోజే అబ్బాయిని అడిగాను. కప్పమ్మా, మంచిదే అన్నాడు."

దుంపలు కొన్న రోజు నర్సరీ ఆవిడ ఆ మాట రెండుసార్లు చెప్పింది. సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డ భర్తే, "అర్థమైందండీ, దుంప కప్పకూడదు," అని అప్పజెప్పాడు.

"ఏమైనా పూసిందా, మేస్త్రీని పిలవనా?" వరండాలోంచి భర్త గొంతు.

"పిలవండి," అంది.

గునపం తెచ్చి దుంపలన్నీ పెళ్ళగించింది. ఆకులు జానెడు ఉంచి కత్తిరించింది. మట్టి దులిపి కాగితంలో చుట్టింది. ఐరిస్ దుంప మట్టి లేకుండా రెండు వారాలు బతుకుతుంది.

"పారేయడానికి అంత ముస్తాబెందుకే?" భర్త నవ్వాడు. ఆమె ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడకి ఫోన్ చేసింది.

"అక్కా, మీ వెనక పోర్షన్‌లోకి ఎవరైనా వచ్చారా?"

"ఇంకా లేదమ్మా. ఎవరికి?"

"నాకే. గుమ్మం ముందు ఎండ పడుతుందా?"