రెండుసార్లు రాసిన పేరు

నేను ఒక అక్షరాల వరుసను. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో అంకెలు. చదివితే అర్థం కాను. నన్ను పుట్టించింది వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలో ఒక యంత్రం. దానికి ఎవరి మాట మీదా నమ్మకం లేదు. ‘ఈ సైటు నాది’ అని ఎవరైనా అడిగితే, ‘అయితే ఈ అక్షరాలు తీసుకెళ్లి నీ డొమైన్ రికార్డుల్లో పెట్టు, వచ్చి చూస్తాను’ అంటుంది. డొమైన్ అంటే సైటు పేరు. ఆ పేరుగల సైటు ఎక్కడుందో లోకానికి చెప్పే రికార్డుల్ని డీఎన్ఎస్ అంటారు. వాటిని మార్చాలంటే పాస్‌వర్డు ఉండాలి. నన్ను అక్కడ పెట్టగలిగినవాళ్లే యజమాని. పట్టాలు, వీలునామాలు, పెద్దమనుషుల సాక్ష్యాలు చెల్లవు. మనుషులు తరాల తరబడి కోర్టుల్లో తేల్చుకోలేని సంగతిని నిమిషాల్లో తేలుస్తామని మాకు కాస్త గర్వం. తెనాలి వెళ్లేదాకా నాకూ ఉండేది.

తెనాలిలో రంగభూషణ డ్రెస్ కంపెనీ పౌరాణిక నాటకాలకు కిరీటాలు, గదలు, విగ్గులు అద్దెకిస్తుంది. పెట్టిన మామగారు పోయాక పెద్దకోడలు కనకరత్నం నడుపుతోంది. కంపెనీకి వెబ్‌సైటు పెట్టి డొమైన్ కొన్నది చిన్నకోడలు శేషుకుమారి. తర్వాత ఒక దుర్యోధనుడి కిరీటం కనబడకుండా పోయింది. దాని మీద మాటా మాటా పెరిగి శేషుకుమారి బయటికొచ్చి, రోడ్డుకు అవతల మేకప్ సామాను దుకాణం తెరిచింది. డొమైన్ పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉండిపోయింది. అడగడం కనకరత్నానికి నామోషీ. అడక్కుండా ఇవ్వడం శేషుకుమారికి నామోషీ.

శ్రీరామనవమి పందిళ్ల నాటకాలకు బుకింగులు వచ్చే రోజుల్లో, ఎప్పుడో శేషుకుమారి తెచ్చిన సర్టిఫికెట్‌కు గడువు తీరింది. సైటు తెరిస్తే ‘ఇది సురక్షితం కాదు’ అనే హెచ్చరిక వచ్చేది. రేపల్లె నాటక సమాజం కార్యదర్శి ఫోన్ చేసి, కంపెనీ మీద కేసేమైనా పడిందా, కిరీటాలు జప్తు చేశారా అని ఆరా తీశాడు. మరో సమాజం ఏమీ అడగకుండానే గుంటూరులో వేరే కంపెనీతో మాట్లాడుకుంది. నవమి బుకింగులు పోతే కంపెనీ నిలబడదు.

సైటు బాగోగులు చూసే వహీద్ బెజవాడలో ఉంటాడు. సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టి, వచ్చిన నన్ను ఎక్కడ ఏ పేరుతో పెట్టాలో చెబుతూ కనకరత్నం ఫోనుకు పంపాడు. ఆమె మొత్తాన్ని శేషుకుమారికి పంపింది. క్షేమ సమాచారాలేవీ జత చేయలేదు. అవతలి నుంచి ‘సరే’ అని జవాబొచ్చింది.

శేషుకుమారి నన్ను పెట్టింది. అయితే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పందిట్లో రెండు మూడు కంపెనీల సామాను కలిసిపోతుంది కాబట్టి, ప్రతి వస్తువు మీదా కంపెనీ పేరు రెండుచోట్ల రాయాలని మామగారి నియమం. పైన ఒకటి, లోపల ఒకటి. పైది చెరిపేసినా లోపలిది సాక్ష్యం చెబుతుంది. ఆ అలవాటు కొద్దీ ఆమె నా పేరు వెనక డొమైన్ పేరు పూర్తిగా రాసింది. రికార్డులు మార్చే ఆ పేజీ డొమైన్ పేరును తనంతట తనే తగిలిస్తుంది. దాంతో పేరు రెండుసార్లు పడింది. నేను ఎవరూ వెతకని చోట కూర్చున్నాను.

యంత్రాన్ని పిలిచే ముందు వహీద్ తనే వెతికి చూశాడు. నేను కనబడలేదు. యంత్రం వచ్చి చూసి లేనని తేలిస్తే నేనిక చెల్లను, మళ్లీ మొదటి నుంచి రావాలి. అందుకని ఆగి, కనకరత్నానికి చెప్పాడు. విడిపోయాక మొదటిసారి ఆమె శేషుకుమారికి ఫోన్ చేసింది.

“పెట్టనంటే పెట్టనని చెప్పు శేషూ. సరే అని రాసి ఊరుకోవటం దేనికి?”

“పెట్టానక్కా.”

“పెడితే ఆ అబ్బాయికి ఎందుకు కనపడలా?”

“దుర్యోధనుడి కిరీటం కూడా నీకు కనపడలా. అదీ నేనే తీశానా?”

ఫోన్ పెట్టేసిన శేషుకుమారి, దుకాణంలో రంగుడబ్బాలు బేరమాడుతున్న మనిషిని అలాగే వదిలేసి రోడ్డు దాటింది. కంపెనీ బల్ల మీద గదల పక్కన నన్ను చూపిస్తూ ఫోను పెట్టి, చూసుకోమంది. కనకరత్నం కళ్లజోడు పెట్టుకుంది. నా జోలికి రాలేదు. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన కిరీటాల మీద పేరు చూసుకోవడం ఆమెకు రోజూ ఉండే పని. ఇక్కడా పేరే చూసింది.

“ఇదేందే, మన పేరు రెండుసార్లుంది?”

“మావయ్య చెప్పిందేగా. పైనొకటి, లోపలొకటి.”

ముందు నవ్వింది కనకరత్నమే. వహీద్‌కు ఫోన్ చేస్తే ఒకటి తీసేయమన్నాడు. శేషుకుమారి తీసేసింది. కాసేపటికి యంత్రం వచ్చింది, నన్ను చూసింది, పోయింది. సర్టిఫికెట్ వచ్చింది, హెచ్చరిక పోయింది. సాయంత్రానికి రేపల్లెవాళ్లు రాముడి కిరీటం, విల్లు బుక్ చేశారు.

పాస్‌వర్డు ఇచ్చేస్తానని శేషుకుమారి అంది. అది తనకిస్తే ఇకపై గడువు తీరేలోగా మనిషి అక్కర్లేకుండా కొత్త సర్టిఫికెట్ దానంతట అదే వచ్చే ఏర్పాటు చేస్తానని వహీద్ ఫోనులో అన్నాడు. ఈ సర్టిఫికెట్ ఎన్నాళ్లు పనిచేస్తుందని కనకరత్నం అడిగింది. మూడు నెలలని అతను చెప్పాడు. ఆమె గద తీసి తుడవసాగింది.

“నీ దగ్గరే ఉంచుకో శేషూ. మూడు నెలలకోసారన్నా రోడ్డు దాటతావు.”

నా పని అయిపోయింది. తీసేయొచ్చు, తీసేయడం మర్చిపోయారు. ఇద్దరిలో యజమాని ఎవరని యంత్రం అడగలేదు. పెట్టింది ఒకరు, తప్పు కనిపెట్టి సరైన చోటికి చేర్పించింది ఇంకొకరు. అడిగినా నేను తేల్చలేకపోయేవాడిని.

నిన్న శేషుకుమారి మళ్లీ వచ్చింది. సర్టిఫికెట్ ఎట్టా ఉందో చూసి పోదామని వచ్చానంది. గడువుకింకా రెండు నెలలున్నాయి. కనకరత్నం ఆ సంగతి ఎత్తకుండా టీ చెప్పింది.