ముఖం చూసి చెప్పిన లెక్క

1959లో సుజాతమ్మ చింతామణి నుంచి పరగోడు బడికి టీచరుగా వచ్చింది. వచ్చిన మూడో నెలలో, ఒకటో తరగతికి ఎక్కువ తక్కువలు నేర్పాలని నేల మీద రెండు వరసలు పేర్చింది. ఒకటి శెనక్కాయలు, ఎడం ఎడంగా. రెండోది చింతగింజలు, ఒకదానికొకటి ఆనించి.

"ఎక్కువ యాడుండాయి?" అని ఆరేళ్ల చెన్నమ్మను అడిగింది.

చెన్నమ్మ వంగి ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి ఎంచింది. "చింతగింజలే టీచరమ్మా."

"సరిగ్గా చూడు."

మళ్లీ ఎంచింది. "చింతగింజలే."

పిల్లలు నవ్వారు. సుజాతమ్మకు కోపమొచ్చింది. ఆ పిల్ల అరచేతిలో బెత్తంతో రెండు వేసి గోడ దగ్గర నిలబెట్టింది. చెన్నమ్మ ఏడవలేదు.

బడి వదిలాక అన్నీ డబ్బాలో వేస్తూ సుజాతమ్మ ఊరికే లెక్కపెట్టింది. శెనక్కాయలు ఎనిమిది. చింతగింజలు తొమ్మిది. గింజలు తను ఏడే పెట్టాననుకుని ఆ పిల్లను కొట్టింది. ఒక్కతే ఉన్నా చెవులు వేడెక్కాయి.

మరునాడు చెప్పేద్దామనుకుంది. టీచరుకే లెక్క రాదని ఊరంతా నవ్వుతుందని నోరు పెగల్లేదు. నాలుగు రోజులు అలాగే పోయాయి.

ఐదోనాడు మళ్లీ వరసలు పేర్చి చెన్నమ్మను పిలిచింది. ఆ పిల్ల గింజల వంకే చూడలేదు. టీచరు ముఖంలోకి చూస్తూ ఒక వరస మీదికి చెయ్యి చాపింది. ముఖం మారకపోయేసరికి రెండోదాని మీదికి జరిపింది.

సాయంత్రం సుజాతమ్మ వాళ్లింటికి వెళ్లింది. తల్లి తిమ్మక్క రాగులు చెరుగుతోంది.

"తిమ్మక్కా, ఆ పొద్దు మీ పాప చెప్పిందే సరి. నేనే తప్పు ఎంచి కొట్టినాను."

తిమ్మక్క చేట దించకుండానే నవ్వింది. "పోనీలేమ్మా. దెబ్బలు తినకుంటే సదువు యాడొస్తాది?"

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సుజాతమ్మకు.

మర్నాడు తరగతిలో చెప్పింది. "చెన్నమ్మ చెప్పింది సరి. తప్పు నాది." పిల్లలు నవ్వారు. తర్వాత ఊరూ నవ్వింది. అదంతా ఓర్చుకోగలిగింది. కానీ చెన్నమ్మ మాత్రం ఏం అడిగినా ముందు ఆమె ముఖమే చూసేది.

అప్పటి నుంచి ప్రశ్న వేసి సుజాతమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడేది. చాలా రోజులు వెనక నుంచి చప్పుడే లేదు. ఒకరోజు చెన్నమ్మ గొంతు సన్నగా వినిపించింది. "ఒకటి... రెండు... మూడు..."

లెక్క పది దాటినా, వెనక్కి తిరిగి ఆ పిల్ల ముఖం చూసే ధైర్యం ఆమెకు రాలేదు.