కుక్క తొట్టి నీళ్ళు

కోస్గిలో మొదటిసారి డేరా టాకీసు దిగిన ఏడాది, అంగడికి పోయిన మా వాడకట్టు వాళ్ళమంతా పొద్దుగూకగానే అందులో దూరాం. కత్తి యుద్ధాలు ఉంటాయని చెప్పి టికెట్లు అమ్మారు. లోపల ఒక్క కత్తి కూడా లేదు.

ఏ భాషదో ఆ బొమ్మ. తెలుగు మాటలు పైనుంచి అతికించారు. పెదవులు ఆగిపోయాక మాట వినిపించేది. నడివయసు మనిషి ఒకడు గొడుగు పట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు. ఒకప్పుడు తనతో కాపురం చేసి విడిపోయిన ఆడవాళ్ళ ఇళ్ళకు పోతాడు. నవ్వడు, ఏడవడు. మంచం మీద కూర్చుంటాడు. ఆమె నీళ్ళు తెచ్చి ఇస్తుంది. తాగుతాడు. గోడకేసి చూస్తాడు. గొడుగు తీసుకుని లేస్తాడు. మళ్ళీ బాట, మళ్ళీ ఇంకొక ఇల్లు. అంతే కథ.

మిగతా వాళ్ళకు నిద్ర వచ్చింది. గొర్లు కాసే మా వాళ్ళకు మాత్రం ఒళ్ళు జల్లుమంది. మా వాడలో ఆలుమగలు విడిపోవాలంటే పెద్దల ముందు పుల్ల విరుస్తారు. విరిచాక ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగకూడదు. తాగితే విరిగిన పుల్ల అతికినట్టే, మళ్ళీ ఆలుమగలే. ఆడది ఈలోగా వేరే మనువు పోయి ఉంటే ఆ మనువు చెల్లదు.

"తాగిండు! తాగిండు!" అని మొదటి ఇంట్లోనే ఎవరో లేచి అరిచారు. "పుల్ల అతికిందిరో!"

రెండో ఇంట్లోనూ తాగాడు.

"ఇద్దరైండ్రు! వీనికెంత దూపరా బాబూ, ఉప్పు మేపిండ్రా ఏంది?"

వెనక కుర్చీలో కోస్గి బడిపంతులు గోపయ్య సారు ఉన్నాడు. "జర సప్పుడు జెయ్యకుండ్రయ్యా. ఏం మాట్లాడకపోవుడే గీ బొమ్మల గొప్పతనం" అన్నాడు. మూడో ఇల్లు వచ్చేసరికి ఆయన గురక వినిపించింది.

మా వాడలో ఎక్కువ మంద ఉన్నవాడు ఐలేశం. అతని భార్య గుర్వమ్మ ఆరు నెలల కడుపుతో, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య కట్టిన తాడుకు అవతల కూర్చుంది. ఆమె మొదటి మొగుడు బీరన్న. పిల్లలు కాలేదని బీరన్న తల్లి పట్టుబట్టి పుల్ల విరిపించింది. ఆనాడు బీరన్న నోరు తెరవలేదు. విరవమంటే విరిచాడు, గొర్ల వెనక పోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అతనూ ఆ పొద్దు మా ముందు వరసలో ఇసుక మీద కూర్చుని ఉన్నాడు.

"అరే, గా మనిషిని సూడుండ్రి!" అన్నాడు ఐలేశం. "అచ్చం మన బీరన్న తీరుగ లేడూ? గదే మొకం. నవ్వు లేదు, ఏడ్పు లేదు. అలికిన గోడ!"

ఇక ఆగలేదు. తెర మీద గ్లాసు లేచినప్పుడల్లా డేరా అంతా "తాగు బీరన్నా, తాగు!" అని అరిచింది. బీరన్న వెనక్కి తిరగలేదు. రెప్ప కొట్టకుండా తెరనే చూశాడు. తాడుకు అవతల ఒక్క ఆడమనిషి కూడా నవ్వలేదు.

బయటికి వచ్చాక, బండి దగ్గర ఐలేశం మేనత్త సైదమ్మ ఉమ్మేసింది. "గన్ని ఇండ్లు తిరిగిండు, గన్ని నీళ్ళు తాగిండు. ఒక్కదాన్నన్న ఎట్లున్నవే అని అడిగిండా ముండకొడుకు?"

"అడిగెతందుకు నోరుండాలె గదత్తా" అన్నాడు ఐలేశం. "ఏమే గుర్వమ్మా, బొమ్మ మంచిగున్నదా?"

"నాకేం సమజ్ గాలే" అని గుర్వమ్మ బండెక్కింది.

ఎక్కేముందు బీరన్న పోయిన దిక్కు చూసిందని ఐలేశం అనుకున్నాడు. చూసిందో లేదో నాకు తెలియదు. ఇంటికొచ్చే దాకా ఐలేశం నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఎద్దులను మాత్రం ఊరికే కొట్టాడు.

ఆ వారంలోనే ఐలేశం ఇంట్లో బొచ్చు కత్తిరింపు పడింది. వాడలో ఎవరింట్లో కత్తిరింపు ఉన్నా కత్తెర పట్టగలిగిన ప్రతివాడూ పోవాలి. పగ ఉన్నా సరే, రాననకూడదు. బీరన్న ఏటా వచ్చేవాడు. తన సొరకాయ బుర్రలో తన నీళ్ళు తెచ్చుకునేవాడు. ఆ ఇంటి చెంబు ముట్టేవాడు కాదు.

ఆనాడు ఎండ బాగా కాసింది. బొచ్చు ముక్కుల్లో దూరి గొంతులు పట్టేశాయి. నేను గొర్రె కాళ్ళు పట్టుకుని ఉన్నాను. బీరన్న రెండు చేతులూ గొర్రె మీద ఉన్నాయి. ఐలేశం వచ్చి, పందిరి గుంజకు వేలాడే బీరన్న బుర్ర తీశాడు. బిరడా పీకి, అందరూ చూస్తుండగా పొట్టేలు మూతి ముందు ఒంపేసి, బుర్రను ఇసుకలో పడేశాడు.

"మా పొట్టేలుకు దూపైందన్నా. మాఫ్ జెయ్యి."

నవ్వారు. బీరన్న కత్తెర ఆపలేదు. ఇంకో గొర్రె, ఇంకో గొర్రె. పెదవులు తెల్లగా పొక్కిపోయాయి. చివరికి లేచి పక్కింటి వైపు నడవబోతే ఐలేశం కంపతడిక అడ్డం లాగాడు.

"మా ఇంట్ల పనిజేసి పక్కింట్ల నీళ్ళు తాగుతవా? మా ఇజ్జత్ ఏం గావాలె? ఓ గుర్వమ్మా! బీరన్నకు దూపయితాంది. సినిమాల తీరుగ చెంబుల తే. సూద్దాం!"

సైదమ్మ లేవబోయింది. "నేనిస్త తియ్యిరా."

"నువ్వు కూసో అత్తా. గీ పొద్దు ఇంటామెనే ఇయ్యాలె."

గుర్వమ్మ చెంబుతో గడప దాటి వచ్చింది. ఒక చెయ్యి నడుం మీద ఉంది. కత్తెరలన్నీ ఆగాయి. వాడ పెద్ద గాలయ్య గొంగడి మీద కూర్చుని చూస్తున్నాడు. ఇస్తే, కడుపులో బిడ్డతో ఈ ఇంట్లో ఆమెకు జాగా పోతుంది. ఇవ్వకపోతే, పనికొచ్చిన మనిషికి నీళ్ళివ్వని ఇల్లు అవుతుంది. ఐలేశానికి రెండూ తెలుసు. మీసం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"వద్దు" అన్నాడు బీరన్న. నాలుక అంటుకుపోతోంది. "నాకు దూప లేదు."

"ఓహో! బొమ్మకు మాటలొచ్చినయిరో!" అన్నాడు ఐలేశం. అందరూ నవ్వారు.

గుర్వమ్మ మాత్రం నవ్వలేదు. బీరన్న కళ్ళలోకి చూసింది.

"నోరు తెరవాల్సిన నాడు తెరవకపోతివి. గిప్పుడు అబద్ధం జెప్పెతందుకు తెరిచినవా?"

పందిరి కింద మంద కుక్క నీళ్ళు తాగే రాతి తొట్టి ఉంది. ఆమె వంగలేక వంగి చెంబు అందులో ఒంపింది.

"నా చేత్తోని ఇస్తలేను. కుక్కకు పోసిన. దూపయితే గా తొట్టిల తాగు."

బీరన్న ఆ తొట్టిని చూశాడు. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు నేలకానించి, మూతి పెట్టి తాగాడు. కుక్క గుర్రుమంది. ఐలేశం కుక్కను ఉసికొల్పినట్టు చిటిక వేశాడు. మా వాళ్ళు పొర్లి పొర్లి నవ్వారు. తాగే చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. ఒక్కొక్కరి నవ్వే ఆగిపోయింది.

గాలయ్య గొంతు సవరించుకున్నాడు. "చేతి నీళ్ళు కావు. తప్పు లేదు."

బీరన్న లేచి, సగం కత్తిరించిన గొర్రెను అట్లాగే వదిలేసి, కత్తెర నడుములో దోపుకుని పోయాడు. ఈసారి తడిక ఎవరూ పట్టుకోలేదు. ఖాళీ బుర్ర ఇసుకలోనే ఉండిపోయింది.

"శబాష్!" అన్నాడు ఐలేశం. చెమట తుడుచుకుంటూ గడప మీద కూర్చున్నాడు. "నా పెండ్లామంటె గిట్లుండాలె. నవ్వి నవ్వి గొంతు ఎండింది. నాకో చెంబు తే."

గుర్వమ్మ లోపలికి పోయి చెంబు ముంచుకుని వచ్చింది. ఐలేశం చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని దాటుకుని పోయి, మళ్ళీ వంగలేక వంగి, నీళ్ళు అదే తొట్టిలో ఒంపింది.

"తాగు" అంది.

ఎవరూ నవ్వలేదు. ఐలేశం చాచిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. తర్వాత గాలయ్య వైపు చూశాడు. గాలయ్య లేచి, గొంగడి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లోంచి దెబ్బల చప్పుడు వాడంతా విన్నది. ఆమె అరుపు మాత్రం వినిపించలేదు. తర్వాత కొడుకు పుట్టాడు. గుర్వమ్మ వండేది, పిడకలు చేసేది, మంద చూసేది. నీళ్ళు మాత్రం మొగుడి చేతికి ఇచ్చేది కాదు. జ్వరం పడ్డప్పుడు కూడా ఐలేశం పాక్కుంటూ నీళ్ళ గోలెం దాకా పోయి తనే ముంచుకునేవాడు.

పుల్ల ఎవరూ విరవలేదు.