కోడూరు బొటనవేలు

కార్డు మీద ఉన్నది ఒకటే వాక్యం. "మా రేడియో తాలూకు బొటనవేలికి జబ్బు చేసింది, తమరు వెంటనే బయల్దేరి రావలెను." కింద సంతకం: సత్యానందం, రిటైర్డు హెడ్మాస్టరు, కోడూరు.

కరీముల్లా బందరు కోనేరు సెంటరు పక్క సందులో పద్దెనిమిదేళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాడు. గొంతు పోయిన రేడియోల్ని చూశాడు, లోపల ఎలుకలు పిల్లల్ని పెట్టిన రేడియోల్నీ చూశాడు. బొటనవేలి సంగతి ఎన్నడూ వినలేదు. పెద్దాయన తొందరలో ఒకటి రాయబోయి ఇంకొకటి రాశాడనుకుని, టంకం పెట్టే కడ్డీ, ఆకురాయి, రెండు స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాడు. పులిగడ్డ దగ్గర నది మీది అక్విడెక్టు దాటి, అవనిగడ్డలో బస్సు మారి, కోడూరు చేరేసరికి పదకొండయింది.

మాస్టారి వసారాలో పాతికమంది చాపల మీద కూర్చుని ఉన్నారు. గోడవార బల్ల మీద పెద్ద స్టీరియో రిసీవరు, అదే ఊరి రేడియో. అరవయ్యేళ్ల మనిషి ఒకామె దాని ముందు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది. ఆమె కుడి బొటనవేలికి నిమ్మకాయ తొడిగి ఉంది. ఎడమ బొటనవేలితో రిసీవరు మీట నొక్కి పట్టుకుంది. లోపల ఎవరో వరికి ఎరువులు ఎప్పుడు వేయాలో చెబుతున్నారు.

"ఈవిడ మార్తమ్మ గారండీ. మా బొటనవేలు," అన్నాడు మాస్టారు. "గోరుచుట్టు లేచింది. నాలుగు రోజులనుంచీ ఎడమచేత్తో నెట్టుకొస్తున్నారు."

ఊళ్లను ఊడ్చేసిన డెబ్బై ఏడు తుఫాను తరవాత వైద్యం చేయడానికి వచ్చిన విదేశీ డాక్టరొకాయన తిరిగి వెళ్తూ ఆ రిసీవర్ని ఊరికి ఇచ్చిపోయాడు. అప్పటికే అది పాతది. ఆర్నెల్ల కిందట దాని స్విచ్చి అరిగింది. నొక్కితే లోపలికి పోయి అక్కడే నిలవాల్సిన మీట, వేలు తీయగానే బయటికి వచ్చేసేది. రిసీవరు మూగబోయేది. చింతపిక్క ఇరికించారు, జారింది. తాడు కట్టారు, సడలింది. చివరికి ఊరంతా కూర్చుని గంటకొకరు చొప్పున వంతులు వేసుకున్నారు.

ఒకనాటి సాయంత్రం నాంచారయ్య వంతు. వాతావరణ సూచనలో "బంగాళాఖాతంలో" అన్న మాట రాగానే అతని మెడ మీద దోమ వాలింది. అతను దోమను కొట్టాడు. తరవాతి మాట ఎవరికీ వినబడలేదు. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని, గేదెల్ని తోలుకుని అవనిగడ్డ రోడ్డు పట్టింది. బంగాళాఖాతం ప్రశాంతంగా ఉందని మర్నాడు తెలిసింది. ఆ రోజునుంచి వార్తల వేళ మాత్రం మార్తమ్మకే అప్పగించారు. ఆమెను ఏ దోమా కదిలించలేదు.

"స్విచ్చి పాడైందని రాయచ్చుగా, మాస్టారూ?" అన్నాడు కరీముల్లా.

"స్విచ్చికి కొత్తగా ఏం రాలేదండీ. అది ఆర్నెల్లుగా అలాగే ఉంది. జబ్బు చేసింది వేలికి."

కరీముల్లా సంచి దింపి రిసీవరు దగ్గరికి వచ్చాడు. "గంటసేపు ఆపుకోవాలండీ, విప్పి చూస్తాను," అన్నాడు.

చాపల మీద గుసగుసలు బయల్దేరాయి. నాంచారయ్య లేచి నిలబడ్డాడు. "ఆ గంటలో వాయుగుండం పుడితే ఎలాగండీ?"

చాలాసేపు చర్చ జరిగింది. రిసీవరు ఆగినంతసేపూ ఎవరో ఒకరు సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండాలని తేల్చారు. నాంచారయ్యే సైకిలెక్కి సముద్రం ఒడ్డున ఉన్న హంసలదీవికి బయల్దేరాడు. గంటలో అతను అక్కడికి చేరనైనా చేరడన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

కరీముల్లా ప్లగ్గు పీకి పైరేకు విప్పాడు. బల్లి గుడ్లు తీసి పక్కన పెట్టాడు. స్విచ్చిలో మీటను ఆపి ఉంచే చిన్న కొక్కెం ఉంది. అది అరిగి అరిగి పాత సబ్బుబిళ్లలా నున్నబడిపోయింది. కరెంటు అందే బిళ్లలు నల్లగా మాడి ఉన్నాయి. వాటిని ఆకురాయితో తోమి మెరిపించాడు. మాస్టారి పాత గొడుగు అడిగి తీసుకుని, అందులోని ఒక ఊచ ముక్క విరిచి, వంచి, కొత్త కొక్కెం చేసి బిగించాడు.

ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. టక్కుమంది. వేలు తీశాడు. రిసీవరు దానంతటదే పాడుతోంది.

కాసేపటికి ఒకామె పొయ్యి మీద ఎసరు ఉందంటూ లేచింది. ఒకాయన గేదెకు కుడితి పెట్టాలన్నాడు. పది నిమిషాల్లో వసారా ఖాళీ అయింది. మాస్టారు కూడా భోజనం ఏర్పాట్లు చూడడానికి లోపలికి వెళ్లాడు. మార్తమ్మ మాత్రం స్టూలు మీద నుంచి లేవలేదు.

"ఇంక మీకు బాధ లేదమ్మా," అన్నాడు కరీముల్లా.

"అది చెబుతోంది, సరే. వింటున్నదెవరు నాయనా?" అందామె.

అతను ఖాళీ చాపల వైపు చూశాడు.

"తుఫాను వచ్చిన ఏడు మా ఇంట్లోనూ రేడియో ఉండేది. ఆ రోజు పొద్దుటినుంచీ మోగుతూనే ఉంది. నేను చేపలు తోముకుంటున్నాను. మాటలు చెవిన పడ్డాయి గానీ, విన్లేదు. వేలు నొక్కి పట్టుకున్నాకే వినడం వచ్చింది నాకు."

కరీముల్లాకు తను చేసిన పని మీద మొదటిసారి అనుమానం కలిగింది. భోజనాల దగ్గర ఆ మాట మాస్టారితో చెప్పాడు. మాస్టారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని, మళ్లీ ఊరిని పిలిపించాడు. అరగంటలో తీర్మానం అయింది. వంతులు యథాప్రకారం జరుగుతాయి. కాకపోతే వేలు మీట మీద కాక, దాని పక్కనే బల్ల చెక్క మీద నొక్కి పట్టుకోవాలి.

"చెక్క నొక్కితే ఏమవుతుందండీ?" అన్నాడు కరీముల్లా.

"చెక్కకు ఏమీ అవదండీ. మనిషి లేచిపోడు."

వార్తల వేళ అయింది. మార్తమ్మ వేలికి విశ్రాంతి ఇవ్వాలన్నారు. ఆమె తరవాతి వంతు నాంచారయ్యది, అతను ఇంకా సముద్రం దగ్గరే ఉన్నాడు. అందరూ కరీముల్లా వైపు చూశారు. తన బస్సుకు ఇంకా వ్యవధి ఉంది కదా అని అతను స్టూలు మీద కూర్చుని, బొటనవేలు బల్లకు ఆనించాడు. మొదట నవ్వొచ్చింది. వార్తలు సగానికి వచ్చేసరికి పోయింది. పద్దెనిమిదేళ్లలో రేడియో పలుకుతోందా లేదా అని చూశాడే గానీ, అది ఏం చెబుతోందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. అప్పుడే నాంచారయ్య చెమటలు కక్కుతూ సైకిలు దిగి లోపలికి వచ్చాడు.

"సముద్రం ఉన్నచోటే ఉందండీ," అని అందరికీ చెప్పి, స్టూలు దగ్గరికొచ్చాడు. "లేవండి, మీ బస్సు వెళ్లిపోతోంది. ఇది నా వంతు."

"ఉండండి," అన్నాడు కరీముల్లా వేలు కదపకుండా. "వాతావరణం చెబుతున్నారు."