అరవయ్యో కడ్డీ

మంచుగదిలోకి ఒక్కరే వెళ్లకూడదని నియమం. లోపల సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. వదినకు తోడు వెళ్లే వంతు వచ్చేదాకా మరదలు వారం రోజులు ఆ మాట కడుపులోనే దాచుకుంది.

"వదినా, అరవయ్యో కడ్డీ ఒకసారి చూస్తారా?"

ల్యాబ్‌కు పెద్ద వదినే. ఉద్యోగం ఇప్పించిందీ ఆమే. మరదలు కాపురం ఆమె మేడ మీద వాటాలో, రాకపోకలు ఆమె కారులో. ల్యాబ్‌లో అందరూ 'మరదలుగారూ' అనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీదే మిగిలింది.

ధ్రువాల దగ్గర తవ్వి తెచ్చిన ఆ మంచు కడ్డీల్లో ఏడాదికొక పొర ఉంటుంది. పైనుంచి లెక్కపెడుతూ పోతే, పేలిన అగ్నిపర్వతం రాల్చిన ఆమ్లం ఏ ఏటి మంచులో ఉందో తెలుస్తుంది. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. అత్తగారు ఆసుపత్రిలో ఉన్న ఆ నెలలో వదిన కడ్డీ ముఖం చూడకుండానే, "నీ లెక్క నా లెక్క కాదూ" అని మరదలు వేసిన ముప్పై ఎనిమిదే రెండో గడిలోనూ వేసి సంతకం పెట్టేసింది.

"ఏమైంది దానికి?"

"ఒక ఏడాదిని రెండుగా లెక్కపెట్టాను. కరిగి మళ్లీ గడ్డకట్టిన గీతను చూసి కొత్త పొర అనుకున్నాను. ఉన్నవి ముప్పై ఏడే."

ఒక్క పొర తగ్గితే పేలుడు ఏడాది ఆలస్యమవుతుంది. చెట్ల కాండాల్లో ఏటేటా ఏర్పడే వలయాల్లో కనిపించే చలి వేసవి దానికి ముందే వచ్చినట్టు తేలుతుంది. ఆ చలి తెచ్చింది ఆ పేలుడేనని వదిన ఆరేళ్లుగా చెబుతోంది. వచ్చే వారం వ్యాసం అచ్చుకు పోతోంది.

"మా తమ్ముడితో అన్నావా?"

"ఆయనతో అంటే మీతో అన్నట్టేగా."

"సరే, ఇప్పుడు లెక్కపెడదాం. ముందు నువ్వు."

మరదలు లెక్కపెట్టి కొత్త కాగితం మీద ముప్పై ఏడు వేసి, గోడవైపు తిరిగి నిలబడింది. కాలివేళ్లు కొయ్యబారాయి. వెనక వదిన ఊపిరి ఒకచోట చాలాసేపు ఆగి, మళ్లీ సాగింది.

"ముప్పై ఎనిమిది. ఇక నాది దొంగ సంతకం కాదు. నువ్వు దిద్దుకో." వదిన రబ్బరున్న పెన్సిల్ అందించింది.

"నాకు ముప్పై ఏడే కనిపిస్తున్నాయి వదినా."

"సూదిలో దారం నేను ఎక్కించి ఇవ్వాలి నీకు."

"అందుకే మూడుసార్లు చూశాను."

రెండు లెక్కలు కలవకపోతే బయటి ల్యాబ్ మనిషి మూడోసారి లెక్కపెట్టాలి. మరదలు ఆ కాగితం తీసుకెళ్లి గుమస్తాకిచ్చింది. అతను పైకీ కిందికీ చూసి, "మూడో లెక్కా? ఇంట్లో తేల్చుకోలేకపోయారా?" అంటూ ముద్ర కొట్టాడు. ఆమెకు నవ్వు రాలేదు.

సాయంత్రం కారు దగ్గరికి వెళ్లింది. ఆ దారిన బస్సులు లేవు.

"ఎక్కు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది," అంది వదిన.

నలభై నిమిషాలు అద్దాలు దించలేదు.

మేడమెట్లు వదిన హాల్లోంచే పైకి వెళతాయి. మరదలు చెప్పులు చేత్తో పట్టుకుని, వదిన తాళం తీసేదాకా గుమ్మం ముందు నిలబడింది.